నొప్పి పోయిన కాలు

జాన్‌బాషాకి డీజిలు బంకులో మీటరు మీద నమ్మకం లేదు, టైరు మార్చేవాడి మీద నమ్మకం లేదు, పక్కింట్లో ఉండి ఆటో నడుపుకునే నా మీద కూడా అంతంతమాత్రమే. పెళ్లికి ముందు నుంచీ జగ్గయ్యపేటలో సిమెంటు లారీ తోలుతున్నాడు. లోకమంతా తనని ముంచడానికే పొద్దున్నే నిద్ర లేస్తుందని అతని గట్టి అభిప్రాయం. అలాంటివాడికి నడుం పట్టేసింది. లారీ ఎక్కకపోతే ఇల్లు గడవదు.

ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తొక్కితే నడుం పట్టు వదులుతుందని మా వైపు నమ్మకం. వత్సవాయి ఊళ్లో ఉండే దుర్గాంబ అలా పుట్టిన మనిషే. బోర్లా పడుకోబెట్టి తొక్కింది. కొన్నాళ్లు బాగానే తిరిగాడు. తర్వాత నొప్పి ఎడమకాల్లోకి దిగింది. క్లచ్ తొక్కే కాలు అది.

అతని భార్య అమీనాబీ పోరు పెడితే, ఇద్దర్నీ నా ఆటోలో నందిగామ తీసుకెళ్లాను. అక్కడ జాయిస్ అనే అమ్మాయి ఫిజియోథెరపీ చదివి క్లినిక్ పెట్టింది. సూది వెయ్యదు, మందు రాయదు కాబట్టి జనం ఆమెకి మాలీషు డాక్టరని పేరు పెట్టేశారు. నేనూ అనుమానంగానే ఓ మూల కూర్చున్నాను.

"ఫోన్లో చూపిస్తారు చూడమ్మా, మెడ పట్టుకుని టక్కుమనిపిస్తారు. నడుముకి అలాంటిదేదో చేసెయ్, వెళ్లిపోతా," అన్నాడు జాన్‌బాషా.

"అది కైరోప్రాక్టిక్ అండి, వేరే చదువు. నేను ఫిజియోని. ముందు మడమల మీద నడవండి, చూద్దాం."

నడవబోయాడు. ఎడమపాదం పైకి లేవకుండా టప్పున నేల మీద పడింది. జాయిస్ ఆ కాలిని చాలాసేపు నొక్కి నొక్కి చూసింది.

"ఇప్పుడు నేను చెయ్యి వెయ్యకూడదండి. నరం నొక్కుకుపోతున్నట్టుంది. ఈరోజే విజయవాడలో వెన్నెముక డాక్టరుకి చూపించండి. ఆలస్యం చేస్తే కాలు పడిపోవచ్చు," అని ఒక డాక్టరు పేరు చెప్పింది.

మెట్లు దిగుతూనే జాన్‌బాషా అందుకున్నాడు. "చూశావా? వైద్యం రాదు గానీ పంపడం వచ్చు. అక్కడ ఈవిడకి కమిషన్ ఉంటది."

నాకూ అదే తోచింది. ఎవరు ఎక్కడికి పంపినా మాకు ముందు కమిషనే గుర్తొస్తుంది.

"కమిషన్ కోసమైతే అంతసేపు కాలెందుకు చూస్తదండీ?" అంది అమీనాబీ.

"నీకేం తెలుసు, ఊరుకో. అన్నా, వత్సవాయి పోనీ."

దుర్గాంబ గేదెకి కుడితి పెడుతోంది. కాళ్లు కడుక్కుని వచ్చి ఈసారి ఇంకాస్త గట్టిగా తొక్కింది. జాన్‌బాషా గోడ పట్టుకుని లేచాడు. మొహం చేటంత చేసుకున్నాడు.

"పోయింది! కాల్లో నొప్పి కూడా పోయింది!"

"నాదేముందయ్యా, అంతా పుట్టుకలో ఉంది," అంది దుర్గాంబ, లోపల మురిసిపోతూనే.

వచ్చేటప్పుడు ఆటోని రోడ్డు మీదే ఆపాను, తిరిగి అక్కడికే బయల్దేరాం. పత్తి కట్టె కొట్టేసిన చేలో అడ్డంపడి అతను ముందు నడిచాడు. జాయిస్‌ని ఆడిపోసుకుంటూనే ఉన్నాడు. నేను కూడా నవ్వుతూ వంత పాడాను. వెనక నుంచి అమీనాబీ కేక వేసింది.

"ఏవండీ, మీ చెప్పేదీ?"

"ఏ చెప్పు?" అంటూ ఆగి, ముందు కుడికాలు చూసుకున్నాడు.

ఎడమకాలి చెప్పు దుర్గాంబ వాకిట్లోనే జారిపోయింది. చేనంతా ఆ కాలు వట్టిదే. పత్తి మోడు అరికాల్లో దిగి విరిగింది. వెనక మట్టిలో నెత్తురు చుక్కలున్నాయి.

అమీనాబీ అక్కడే కూలబడి, ఆ కాలు ఒళ్లో పెట్టుకుని మోడు పట్టి లాగింది. జాన్‌బాషా ఆమె మొహం వైపే చూస్తున్నాడు.

"తీశావా?" అని అడిగాడు.

"తీసేశానండీ," అంటూ ఆమె బావురుమంది.

అతను నా భుజం పట్టుకున్నాడు.

"ఆ అమ్మాయి చెప్పిన డాక్టరు పేరేంటన్నా?"