చేతి కొలత

మాట్లాడేటప్పుడు మా పెద్దమామ కుడిచేతి వేళ్లు ఊరికే ముడుచుకునేవి, లేని పిస్తోలును పట్టుకున్నట్టు. ఉన్న పిస్తోలు బీరువాలో ఉండేది. మద్రాసులో ఆయన అరచేతి అచ్చు మైనంలో తీసుకుని, ఒక్కో వేలికి ఒక్కో పల్లం చెక్కి, దానికి చేవకర్ర పిడి చేశారు. మామూలు పిస్తోలుకు మూడింతలు పోశాడని అత్త గొణిగేది. శ్రీహరికోటకు రాకెట్లు ఇంకా రాని రోజులవి. వాకాడు దగ్గర పల్లెలో అంత పిస్తోలు ఎందుకో నాకిప్పటికీ అంతుపట్టదు.

"ఇది నా చేతికి తప్ప ఇంకెవురికీ పట్టదమ్మాయ్" అనేవాడు. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా రోజూ సాయంత్రం నూనెగుడ్డతో తుడిచేవాడు.

పక్షవాతం వచ్చి ఆ చెయ్యే పడిపోయింది. వేళ్లు అట్లాగే ముడుచుకుని బిగిసిపోయాయి.

ఆ ఎండాకాలమే ఆయన పెంచిన కుక్కకు పిచ్చి పట్టింది. ఊళ్లోవాళ్లు కర్రలతో వచ్చారు.

"కొట్టబాకండి! నొప్పి తెలీకుండా నేనే కాల్చేస్తా" అని మామ పిస్తోలు తెప్పించి, ఎడమచేత్తో పట్టుకున్నాడు. కుడిచేతికి చెక్కిన పల్లాల్లో ఆ వేళ్లు కుదరలేదు. పిస్తోలు జారి ఒళ్లో పడింది. మళ్లీ తీశాడు. మళ్లీ పడింది.

"మామూలుదైతే ఏ చేతికైనా పట్టేది గదా" అని అత్త ఏడ్చింది.

వాకిట్లో కర్రల చప్పుడు చాలాసేపు వినిపించింది.

సాయంత్రం మామ నూనెగుడ్డ అడిగాడు. తెచ్చిచ్చాను. దాంతో ముడుచుకుపోయిన తన కుడిచేతిని మెల్లగా తుడుచుకోవడం మొదలుపెట్టాడు.