పది నిమిషాలు కూర్చునే చోటు

అశోక్‌నగర్‌లో ప్రభుత్వ ఉద్యోగ పరీక్షలకు ఐదేళ్లు చదివాను. ఒక పరీక్ష రద్దయింది, ఒకటి నేనే తప్పాను, ఇంకోటి రెండు మార్కుల్లో పోయింది. ఇక చాలు అని ఒక మంగళవారం పొద్దున పళ్లు తోముకుంటూ తేల్చేసుకున్నాను. అదే వారం అమ్మ ఫోను చేసి, "నువ్వు సదివే జాగ ఒక్కపారన్న సూసి పోత బిడ్డా, శనారం వస్తున్న" అంది. మంచిదే అనుకున్నాను. ఎదురుగా కూర్చోబెట్టి చెప్పేస్తాను, సాయంత్రం బస్సుకు తనతోపాటే ఊరికి వెళ్లిపోతాను. ఇది ఫోనులో చెప్పే మాట కాదు. మహబూబ్‌నగర్ దగ్గర మా ఊళ్లో అమ్మ కూలికి పోతుంది. స్లాబు పని ఉంటే స్లాబు, లేకపోతే పత్తి. ఈ ఐదేళ్లూ నన్ను చదివించింది ఆ కూలే.

నాకు కావలసిందల్లా పది నిమిషాలు కూర్చునే చోటు. అమ్మ ఏడిస్తే గట్టిగా ఏడుస్తుంది. నడిరోడ్డు మీద అది జరగకూడదు.

హాస్టల్లో కుదరదు. గదికి ఆరుగురం, పైగా బయటివాళ్లు మెట్లెక్కకూడదని రూలు. "మా అమ్మ బయటామె ఎట్లయితదక్కా?" అని హాస్టలు నడిపే ఆవిణ్ని అడిగాను. "ఒక్క అమ్మను రానిస్తే అందరమ్మలొస్తరు" అంది. శనివారం పొద్దున నాలుగింటికి లేచి వచ్చిన అమ్మ చెప్పుల స్టాండు పక్కన నిలబడి నీళ్లు తాగింది.

సరేనని చిక్కడపల్లి లైబ్రరీకి తీసుకెళ్లాను. లోపల సీటు దొరకనివాళ్లు ఆవరణలో చెట్ల కింద చదువుకుంటారు. కుర్చీలు ఎవరివి వాళ్లవే. ప్లాస్టిక్ కుర్చీ కొనుక్కుని, వెనక పేరు రాసుకుని, రాత్రి పోయేటప్పుడు సైకిలు గొలుసుతో ఊచలకు కట్టేసి పోతారు. ఉద్యోగం వచ్చినవాళ్లు పోతూ పోతూ ఎవరికో ఒకరికి ఇచ్చిపోవడం ఆనవాయితీ. నా కుర్చీ గురువారమే ఒక చిన్నమ్మాయికి ఇచ్చేశాను. "నౌకరొచ్చిందా అక్కా?" అని ఎంత సంబరంగా అడిగిందో! నవ్వి ఊరుకున్నాను.

ఖాళీగా కనబడ్డ ఒక కుర్చీలో అమ్మ కూర్చుంది. "అబ్బ, పానం లేసొచ్చింది" అంది. "అమ్మా, నీకొక మాట చెప్పాలె" అన్నానో లేదో, చుట్టూ ఉన్న తలలన్నీ పుస్తకాల్లోంచి లేచాయి. "అక్కా, జర మెల్లగ" అంది ఒకామె. ఇంకొకామె టీ గ్లాసుతో వచ్చి ఆ కుర్చీ తనదంది. తప్పు ఆమెది కాదు, నా కుర్చీలో కూర్చున్నారని నేను ఎంతమంది మీద ఎగిరానో నాకే తెలుసు. అయినా ఒళ్లు మండింది. అమ్మ లేచి, కుర్చీని కొంగుతో తుడిచి మరీ ఆమెకిచ్చింది. దాంతో ఇంకా మండింది.

"నౌకరొస్తె నువ్వు కూసునే అసొంటి ఆఫీసు ఏదన్న సూపియ్యరాదు" అంది అమ్మ బయటికొచ్చాక. నారాయణగూడ వైపు నడిపించాను. ఫుట్‌పాత్ మీద బండ్లు పెట్టారు, బండ్ల మధ్య పండ్లబుట్టలు పెట్టారు, మనుషులు మాత్రం రోడ్డు మీద నడవాలి. అటువైపు ఒక ప్రభుత్వ కార్యాలయం ఉంది. లోపల వరండాలో నీడపట్టున పొడవాటి సిమెంటు అరుగు ఉంటుంది. నా కన్నంతా ఆ అరుగు మీదే. వెళ్లి చూస్తే గేటుకు తాళం. ఆ రోజు రెండో శనివారం. ఐదేళ్లు ప్రభుత్వ ఉద్యోగానికి చదివినదాన్ని, ప్రభుత్వానికి సెలవెప్పుడో గుర్తులేదు! ఈ నగరంలో ఏ కట్టడం ఎవరు కట్టించారో, ఏ రాయి వాడారో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఏ గేటు ఎన్నింటికి తెరుస్తారో మాత్రం ఏ ప్రశ్నపత్రంలోనూ రాలేదు.

వాచ్‌మన్‌ను బతిమాలాను. "సారు ఒప్పుకోడు మేడం" అన్నాడు. ఏ సారు? సెలవు కదా! దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు, ఇక్కడ అసలు దేవుడే లేడు. నేను వాదిస్తుంటే అమ్మ గేటు ఊచలు పట్టుకుని తీరిగ్గా లోపలికి చూస్తోంది.

"ఎన్నంతస్తులే?"

"నాలుగు."

"లిఫ్టుంటదా, మెట్లెక్కుడేనా?"

"తెల్వదు."

"ఆడోళ్లు ఏ దిక్కు కూసుంటరు? తాగనీకి నీళ్లు కుండలనా, మిషన్లనా?"

"నాకెట్ల తెలుస్తదే!" అని అరిచాను. స్లాబులు పోసిన మనిషి కదా, కట్టడం కనబడితే వదలదు అనుకున్నాను. అమ్మకంటే నాలుగడుగులు ముందు నడుస్తూ దగ్గర్లోని ఒక పార్కుకు తీసుకెళ్లాను.

పార్కుకు చేరేసరికి పన్నెండున్నర. గేటులోంచి బెంచీలు కనబడుతున్నాయి, ఒక్కదాని మీదా మనిషి లేడు. "పదింటికి బందు. మల్ల నాలుగింటికి తీస్తం" అన్నాడు కాపలాయన.

"ఎండల తిరిగేటోళ్లకు కాకపోతే పార్కు ఎవలికి అన్నా?" అన్నాను.

"వాకింగోళ్లకు మేడం."

లోపల ఒక కుక్క బెంచీ కింద హాయిగా నిద్రపోతోంది. దానికి టైమింగులు లేవు. "అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు" అని గట్టిగానే అనేశాను. "నేనేం పెట్టలేదే నీకు?" అంది అమ్మ. ఆ రోజు మొత్తంలో మేమిద్దరం నవ్వింది అక్కడొక్కచోటే.

బండి దగ్గర నిలబడి ఇడ్లీ తిన్నాం. నాలుగింటి దాకా తిరిగే ఓపిక అమ్మ మోకాళ్లకు లేదు. బస్టాండుకు పోయే సిటీ బస్సు కోసం వెనక్కి నారాయణగూడ బస్టాపుకు వచ్చాం. అక్కడ బల్లలు తీసేసి, ఎవరూ కూర్చోకుండా ఒక ఇనప పైపు ఏటవాలుగా వేశారు. దాని మీద అమ్మ వాలబోయి జారింది. ఇక నా వల్ల కాలేదు.

"అమ్మా, నేనిగ సదువ. ఇయ్యాల నీతోటి ఊరికొస్త."

బస్సు హారనులో వినబడలేదు. "ఏంది?" అంది. మళ్లీ అరిచాను. ఈసారి స్టాపులో ఉన్నవాళ్లందరికీ వినబడింది.

అమ్మ ఏడవలేదు. రోడ్డు వైపు చూస్తూ, "నీకు నౌకరొచ్చిందని ఊర్ల చెప్పిన" అంది.

"ఎవలికి?"

"అందరికి. అడిగి అడిగి సంపుతుంటే ఎన్నొద్దులని తలకాయ దించుకోవాలె? ఎట్లయిన వస్తదిగద అనుకున్న. ఇప్పుడేమో ఆఫీసెట్లుంటది, పెద్దదేనా అని అడుగుతున్నరు. సూసిపోతె నాలుగు ముచ్చట్లు చెప్పొచ్చని వచ్చిన."

అంతస్తులు, లిఫ్టు, మంచినీళ్లు అన్నీ అడిగింది అందుకా! నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది, అంతకు మించి కోపమొచ్చింది. పొద్దుటి నుంచి వాచ్‌మన్ల మీద చూపించిన కోపం కాదు. ఇది ఎవరి మీదో నాకు ఇప్పటికీ తెలియదు.

"అయితే ఏమాయె? రాలేదని చెప్పు" అన్నాను.

"చెప్త. నిదానంగ చెప్త. మొన్ననే గద మిఠాయి పంచిన."

"మరి నేను?"

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. స్టాపులో అందరూ మమ్మల్నే చూస్తున్నారు. గొంతు బాగా తగ్గించి, నాకొక్కదానికే వినబడేలా, "కొన్ని దినాలు రాకు బిడ్డా" అంది.

బస్సు వచ్చింది. అమ్మ ఒక్కతే ఎక్కింది.