మాస్టరు చెవి మీద పెన్సిలు

మా మాస్టరు పోయిన కబురు నాకు డిజైను ఆర్డరుగా వచ్చింది. కుప్పంలో నేను పనిచేసే ఫ్లెక్సీ షాపు ఫోనుకు ఒక ఫొటో, కింద పేరు, పుట్టిన రోజు, పోయిన రోజు. ‘ఆరడుగులకి నాలుగు. మామూలు శ్రద్ధాంజలి. అర్జెంటు.’ పంపింది ఈ ఊళ్లోనే ఉండే ఆయన అల్లుడు. నేనెవరో అతనికి తెలియదు. ఫొటో పెద్దది చేసి చూశాను. ఆధార్ కార్డులోది. మా మాస్టరే.

పుంగనూరులో చిన్న షాపు ఆయనది. అంతకుముందు గోడల మీద, లారీల మీద బ్రష్షుతో అక్షరాలు రాసిన మనిషి. కంప్యూటరు ముట్టుకునేవాడు కాదు. సెల్‌ఫోనులో వీడియోలు చూసి డిజైనింగు నేర్చుకుని, మా ఊరు సోమల నుంచి వచ్చి ఆయన దగ్గర చేరాను. కస్టమరు రాగానే నేను మౌసు పట్టేవాణ్ణి. ఆయన చెవి మీది పెన్సిలు తీసి నా వేళ్ల మీద కొట్టేవాడు.

“ముందు మనిషిని మాట్లాడనీప్పా. బొమ్మ యాడికి పోతాది?”

టీ తెప్పించి అడిగేవాడు. పోయినామె ఎట్లా నవ్వేది, ఏం కట్టేది, చూడ్డానికి ఎవరెవరొస్తారు. ఫ్లెక్సీ కట్టాక రోడ్డుకు అవతల నిలబడి చూసేవాడు. చదువురాని వాళ్లనెవరినైనా పిలిచి, “ఎవరో సెప్పు సూద్దాం” అనేవాడు. పని నచ్చకపోతే మాటుండదు. తల మెల్లగా అటూ ఇటూ ఊపేవాడు. నాకు ఒళ్లు మండేది.

ఆయన ఊళ్లో లేని రోజు మదనపల్లె నుంచి ఒకాయన వాళ్లమ్మ ఫొటో తెచ్చాడు. నేనేమీ అడగలేదు. నుదురు బోసిగా ఉందని ఎర్రగా బొట్టు పెట్టి, ప్రింటు తీసి, చుట్ట చుట్టి ఇచ్చేశాను. వాళ్లు క్రైస్తవులు. సమాధి దగ్గర విప్పాక చూశారు. మర్నాడు ఆ కొడుకు వచ్చి అరవను కూడా అరవలేదు. “ఇది మా అమ్మ కాదు సార్” అన్నాడు, అంతే.

మాస్టరు మదనపల్లె పోయి, తప్పు తనదేనని చెప్పుకుని, కొత్తది తన చేత్తో కట్టి వచ్చాడు. నన్ను ఒకటే అడిగాడు.

“ఒక్క మాట అడిగేదానికి నీకేమొచ్చింది రా?”

“నీ ముచ్చట్లు అయ్యేలోపల పక్క షాపోడు నాలుగు ఏస్తాడు. నువ్వు పోయి గోడలకి సున్నమేసుకో” అన్నాను.

అన్నది నేనే. బ్యాగు తీసుకుని కుప్పం వచ్చేశాను. రెండేళ్లు ఫోను చేయలేదు.

ఇక్కడ క్రియేటివిటీ, కమ్యూనికేషన్ స్కిల్స్ అని మాకు ట్రైనింగు ఇప్పించారు. టై కట్టుకున్నాయన ‘కస్టమరు మాట వినండి’ అని మధ్యాహ్నం దాకా చెప్పాడు. మా మాట ఒక్కటీ వినలేదు. సర్టిఫికెట్టు మాత్రం ఇచ్చాడు. మా మాస్టరుకి ఎవడిచ్చాడు?

మామూలు శ్రద్ధాంజలంటే మబ్బులు, తామరపువ్వు, దీపం. ఐదు నిమిషాల పని. మౌసు పక్కన పెట్టాను. ఆయనది కూడా అడక్కుండా వేసేస్తే నేను మనిషినేనా? మాస్టరు భార్యకు ఫోను చేసి పేరు చెప్పాను.

“అక్కా, ఫ్లెక్సీ నేనే ఏస్తాండాను. ఏం పెట్టమంటావు?”

“ఇప్పుడొచ్చిందా నీకు అడిగేది?”

తిట్టింది. ఏడ్చింది. నోరు మూసుకుని విన్నాను. చివరికి అంది:

“ఆ ఫొటోలో పెన్సిలు ల్యా. ఆధార్ వాళ్లు తీసేయమన్నారంట. అది లేకుంటే ఆయప్ప మొగం నాకే కొత్తగా ఉండాది. అది పెట్టు. మబ్బులూ గిబ్బులూ వొద్దు.”

పెట్టాను. పసుపుపచ్చది, చివర కొరికినది.

పుంగనూరులో మాస్టరు షాపు ముందర నేనే కట్టాను. “దీపం కూడా ల్యాకుండా ఇదేం శ్రద్ధాంజలప్పా?” అన్నాడు అల్లుడు. రోడ్డు దాటి, మాస్టరు నిలబడే చోట నిలబడ్డాను. చెనక్కాయలమ్మే ముసలామె బుట్ట దించి పైకి చూసింది. ఆమెకు చదువు రాదు.

“అయ్యో, పెన్సిలప్ప పోయినాడా!”

అది చాలనేవాడు మాస్టరు. నాకు మాత్రం చాలలేదు. ఆ మదనపల్లె ఇంటి గడప నేనింకా తొక్కలేదు. సున్నమేసుకో అన్న మాట వెనక్కి తీసుకుందామంటే వినే మనిషి లేడు.

గాలి కొట్టింది. తాళ్లు వదులుగా కట్టినట్టున్నాను. ఫ్లెక్సీలో మాస్టరు తల మెల్లగా అటూ ఇటూ ఊగింది.