బతికుండగా దండ వేయించుకున్న మామ్మగారు

మామ్మగారు పోయారన్న కబురు నాకు మా వీధి వాట్సాప్ గ్రూపులో తెలిసింది. కింద పెట్టిన ఫోటో మా సినిమాలోది. బంతిపూల దండ, అద్దానికి కుంకుమ బొట్టు, పక్కన దీపం, అన్నీ మేం పెట్టినవే. గ్రూపులో సగం మంది నమ్మలేదు. సెకండ్ పార్ట్ ఎప్పుడని ఒకరు, పబ్లిసిటీ అదిరిందని మరొకరు రాశారు. చివరికి ఆవిడ కూతురే "కాదండి, అమ్మ నిజంగానే పోయింది" అని రాయాల్సి వచ్చింది. తల్లి శవం పక్కన కూర్చుని ఆవిడ ఆ మాట టైపు చేయాల్సి రావడానికి కారణం నేను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ సినిమా చూడనివాళ్ళ కోసం చెబుతాను. తణుకులో మేం కొందరు స్నేహితులం కలిసి తీసిన చిన్న దయ్యం సినిమా అది. కథ నాది. హాస్టల్లో ఉండే అమ్మాయిలు సరదాకి అక్షరాల అట్ట ముందు కూర్చుని, రూపాయి బిళ్ళ మీద వేళ్ళు పెట్టి, చనిపోయిన ఆ ఇంటి యజమానురాలి ఆత్మను పిలుస్తారు. ఆవిడ వస్తుంది. గోడకి తగిలించడానికి ఆ ఇంటావిడ ఫోటో ఒకటి కావాలి. బతికున్నవాళ్ళ ఫోటోకి దండ వేయడం కీడని మావైపు నమ్మకం. మా అమ్మను అడిగితే అట్లకాడ తీసుకుని వెంటపడింది. ఎదురింటి అరుగు మీద కూర్చున్న మామ్మగారు ఇదంతా విని, నా ఫోటో తీసుకోండిరా అన్నారు.

"దండ వేస్తే పోతానా, వెయ్యకపోతే ఉండిపోతానా?" అన్నారావిడ, మా అమ్మ వారిస్తుంటే. షరతు మాత్రం ఒకటి పెట్టారు. "నన్ను దయ్యాన్ని చేస్తే చేశావు గాని నాన్నా, పిల్లల జోలికి మాత్రం వెళ్ళనివ్వకు." అలాగేనండి అన్నాను. ఫోటో తీసేటప్పుడు నవ్వొద్దండి అంటే ఆవిడకి మరీ నవ్వొచ్చింది. పోయినవాళ్ళందరూ మూతి ముడుచుకునే పోయారా ఏంటని నన్నే దెప్పారు.

ఆ షరతు ఎందుకు పెట్టారో మా వీధిలో అందరికీ తెలుసు. మా దగ్గర ఆడవాళ్ళు చాలామంది రొయ్యల ఫ్యాక్టరీలో పనికి పోతారు. వ్యాను తెల్లారగానే వచ్చేస్తుంది. తల్లులు వెళ్ళిపోయాక ఆడపిల్లలు దువ్వెనా రిబ్బన్లూ పట్టుకుని మామ్మగారి అరుగెక్కేవారు. ఆవిడ ఒక్కొక్కరినీ మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని, కొబ్బరినూనె రాసి, చిక్కు తీసి, రెండు జడలు వేసి రిబ్బను కట్టి బడికి పంపేవారు. నొప్పెడుతోందని ఎవరైనా గునిస్తే, జడ బిగువుగా ఉంటే బుద్ధి కుదురుగా ఉంటుందే అనేవారు. ఆ మాటకి ఆధారం ఏమిటో ఆవిడకీ తెలియదు. పేలున్న పిల్లని మాత్రం ఆఖర్న కూర్చోబెట్టేవారు. ఎందుకో బయటికి చెప్పేవారు కాదు, ఆ పిల్ల చిన్నబుచ్చుకుంటుందని.

ఇంత మంచి అలవాటు రోజూ కళ్ళెదుట ఉంటే రాసేవాడి బుద్ధి ఊరుకుంటుందా? క్లైమాక్స్ చప్పగా ఉందని, ఇలాగైతే సినిమా ఎవరూ కొనరని మావాళ్ళు అన్నారు. నేను మర్నాటికల్లా కొత్త సీను రాసిచ్చాను. పిలిచిన ఆత్మ వెనకనుంచి వచ్చి, నిద్రపోతున్న అమ్మాయికి ప్రేమగా జడ వేస్తుంది. వేసి, ఆ జడే మెడకి చుట్టి బిగిస్తుంది. సినిమాలో అందరూ మెచ్చుకున్నది ఆ సీనే. నాకొచ్చిన పేరంతా దానివల్లే.

సినిమా ఫోన్లలోకి వచ్చాక మామ్మగారు నా ఫోన్లోనే చూశారు. ఆ సీను దగ్గర కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ పెట్టమన్నారు. నన్ను తిట్టలేదు. పిల్లలు చూశారా ఇది, అని మాత్రం అడిగారు. పెద్దవాళ్ళకేనండి అన్నాను. ఈ రోజుల్లో ఫోను పెద్దవాళ్ళ చేతిలో ఎంతసేపు ఉంటుందో తెలిసి కూడా అన్నాను.

పిల్లలు ఒక్కొక్కరే రావడం మానేశారు. అడిగితే, స్కూలు తొందరండి అనేవారు. జుట్టు తమకు వచ్చినట్టు తామే ముడేసుకుని, మామ్మగారి ఇల్లు రాగానే రోడ్డు అవతలికి దాటి నడిచేవారు. ఆవిడ మాత్రం రోజూ నూనె గిన్నె పక్కన పెట్టుకుని అరుగు మీద కూర్చునేవారు. ఒకరోజు నన్ను పిలిచి, "ఆ ముక్క తీసెయ్యడం కుదరదా నాన్నా?" అని అడిగారు. అమ్మేశాం కదండీ, మా చేతిలో లేదండి అన్నాను. నిజానికి కొన్నవాళ్ళని నేను అడిగి చూడనే లేదు. మంచి పేరు తెచ్చిన సీను తీసెయ్యమని ఎవడు అడుగుతాడు? ఆ తర్వాత నేను వెనక సందులోంచి రాకపోకలు సాగించాను. పిల్లలకీ నాకూ తేడా ఏమిటంటే వాళ్ళది భయం, నాది మొహం చెల్లకపోవడం.

మామ్మగారు పోయేముందు కూతురితో ఒక్క కోరిక చెప్పారట. పెద్దకర్మ రోజున వీధిలో పిల్లలకి ముందుగా వడ్డించమని. కూతురు అలాగే పెరట్లో పందిరి వేయించి, పిల్లలకని ఒక వరస విస్తళ్ళు వేయించింది. పిల్లలు వచ్చారు గాని గేటు దగ్గరే ఆగిపోయారు. వసారాలో మా సినిమా ఫోటోయే కనిపిస్తోంది. ఇంట్లో అంతకంటే మంచి ఫోటో లేదట.

నేను గేటు దగ్గరికి వెళ్ళి వాళ్ళ ముందు గొంతుక్కూర్చున్నాను. ఆ కథ నేనే రాశానని, అబద్ధమని, మామ్మగారు ఎవర్నీ ఏమీ చెయ్యలేదని చెప్పాను. మూడో క్లాసు చదివే పాప ఒకర్తె శ్రద్ధగా వింది. పాపం, నన్ను బాధపెట్టడం ఇష్టం లేనట్టు మెల్లిగా చెప్పింది.

"అది తెలుసండి. కానీ అప్పుడు మామ్మగారు బతికున్నారు కదండీ. ఇప్పుడు నిజంగా చచ్చిపోయారు."

నా కథ ప్రకారం ఆ పిల్ల చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. నేను వెనక్కి వచ్చాను. కూతురు గేటు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. వంటవాళ్ళతో, అమ్మ వడ్డించమంది, మీరు వడ్డించండి అని లోపలికి వెళ్ళిపోయింది. వాళ్ళు ఒక్కో విస్తరిలో రెండేసి గారెలు, పరమాన్నం, పప్పూ అన్నం వడ్డించి, మధ్యలో నెయ్యి వేసుకుంటూ వెళ్ళారు. ఎవరూ లేని ఆ పంక్తి పొడవునా అన్నం మీంచి ఆవిరి లేస్తోంది. వంటాయన వంగి, ఖాళీ పీటల వైపు చూస్తూ, అలవాటు కొద్దీ, ఇంకొంచెం వెయ్యమంటారా అని అడిగాడు.