పిడికెడు బియ్యానికి మూడు ప్రశ్నలు

మా పెద్దమ్మ రోసమ్మ పోయాక జరిగిన ఆదరణ కూడికలో పాస్టరుగారు ఆమె క్రమశిక్షణను పొగిడారు. ఆమె చేతి నుంచి ఒక్క మెతుకు కూడా అనర్హుల పాలు కాలేదన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. అబద్ధమని తెలిసి కూడా నేనూ అన్నాను. నన్ను పెంచిన మనిషిని అంతమందిలో కాదనబుద్ధి కాలేదు.

బొల్లారంలో మా సంఘపు ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసే ముందు దేవుని పేరున ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బాలు గుడికి వస్తాయి. నెలకో శనివారం ఆ బియ్యాన్ని లేనివాళ్లకు పంచే పని పెద్దమ్మది. పక్కన నిలబడి పోసే పని నాది.

ముందు ఆమె వాక్యం చెప్పేది. కనికరం గురించి ఆమెలా చెప్పినవాళ్లను నేను వినలేదు. కృప అంటే చేసిన పనికి దక్కే కూలి కాదనేది. తప్పిపోయిన కొడుకు పందుల దగ్గర్నుంచి వస్తే తండ్రి ఎదురు పరుగెత్తి కౌగిలించుకున్నాడు గాని, స్నానం చేసి రమ్మనలేదు కదా అనేది. ముసలివాళ్లు కళ్లు తుడుచుకునేవారు. వాక్యం ముగియగానే ఒక్కొక్కరినీ పిలిచి మూడు ప్రశ్నలు వేసేది. గుడికి వస్తున్నావా? తాగుతున్నావా? ప్రార్థన చేస్తున్నావా?

జవాబులు అందరికీ కంఠతా వచ్చు. ఎల్లమ్మ అనే ముసలామె అయితే ప్రశ్నల దాకా ఆగేది కాదు. "వస్తున్న, తాగుతలేను, చేస్తున్న. పొయ్యి బిడ్డా" అని సంచి నా ముందు తెరిచేది. ఆమె దగ్గర గుప్పున కల్లు వాసన వచ్చేది. పెద్దమ్మకు జవాబులు వినపడేవి గాని వాసనలు తెలిసేవి కావు.

రెండేళ్ల కిందట ఆ వరుసలోకి యెషయా మామ వచ్చాడు. పెద్దమ్మకు ఒక్కడే తమ్ముడు. బన్సీలాల్‌పేట్‌లో ఒంటరిగా ఉంటూ గోడలకు రంగులు వేసేవాడు. చేతులు వణకడం మొదలయ్యాక పనికి పిలిచేవాళ్లు లేరు. అన్నం తిని రెండు రోజులైందని మొహం చూస్తేనే తెలుస్తోంది.

"గుడికొస్తున్నవా?" అని పెద్దమ్మ అందరినీ అడిగినట్టే అడిగింది.

"లేదక్కా."

"తాగుడు బంద్ చేసినవా?"

"యాడ బందయితదక్కా. నిన్న సుత తాగిన."

"ప్రార్థన?"

"ఆకలైతే 'దేవా' అంట. గది నడుస్తదా?"

వెనక నుంచి ఎల్లమ్మ మోచేత్తో పొడిచింది. "జెర అవునను అయ్యా, లైన్ కదలాలె."

"అక్కతోని అబద్ధమాడుడు నాకు రాదవ్వా" అన్నాడు మామ.

"నీకిస్తే రేపు అందరికియ్యాలె. పక్కకు జరుగు" అంది పెద్దమ్మ.

మామ జరిగాడు. ఎల్లమ్మ సంచి తెరిచింది.

మధ్యాహ్నం పెద్దమ్మ అన్నం కలిపింది గాని ముద్ద నోట పెట్టలేదు. తర్వాత లేచి టిఫిన్ డబ్బాలో అన్నం, టమాట పప్పు సర్దింది. "మామకిచ్చి రా. నేను పంపిన్నని చెప్పకు. గుళ్లె ఇచ్చిన్రని చెప్పు."

మామ డబ్బా మూత కూడా తీయలేదు. "గుడిదైతే నేనెట్ల తింటరా? మూడు క్వశ్చన్లల్ల ఫెయిలైన. అక్కదైతే చెప్పు, ఇప్పుడే తింట."

డబ్బా అలాగే వెనక్కి వచ్చింది.

"ఆకలికి సస్తూ రూల్స్ మాట్లాడుతున్నడా వాడు?" అని మండిపడింది పెద్దమ్మ. ఆ రూల్స్ ఎవరు పెట్టారని నేను అడగలేదు. ఆమె డబ్బా లాక్కొని చెప్పులేసుకుంది. బస్సులో దారంతా తమ్ముడికి ఏమేం బుద్ధులు చెప్పబోతోందో నాకు వినిపించింది.

మామ తలుపు తీశాడు.

"గుడికొస్తవా?"

"రానక్కా."

"తాగుడు?"

"గది గట్లనే ఉన్నది."

మూడోది అడగలేదు. పళ్లెం ఎక్కడుందని అడిగింది. దాని అంచుకు అంటిన రంగు ఎంత తుడిచినా పోలేదు. అలాగే వడ్డించింది.

మామ పళ్లెం ముందు కూర్చున్నాడు గాని చేయి పెట్టలేదు. "ఇది ఎవరిదక్కా?"

పెద్దమ్మ నా వైపు చూసింది. గోడ వైపు చూసింది.

"నాదేరా. తిను."

చేయి వణికి ముద్ద నోటిదాకా పోకుండానే రాలిపోతుంటే, తిట్టుకుంటూనే ఆమె కలిపి తినిపించింది.

ఎక్కడికి వెళ్లావని మర్నాడు గుళ్లో అడిగితే, తమ్ముణ్ణి గద్దించి వచ్చానంది. తను చనిపోయేదాకా ప్రతి శనివారం వెళ్లి గద్దించింది. బస్సు కుదుపులకు గద్దింపు ఒలికిపోతుందని, డబ్బా ఒళ్లో పెట్టుకొమ్మనేది నన్ను.