ఎడంకాలి పెనాల్టీ

మా తాత పేరు తాతబాబు. టీలో పంచదార తగ్గితే ఆయనకి కోపం. టీవీలో మలేషియా జట్టు ఓడితే కోపం, గెలిస్తే "ఇదొక గెలుపా?" అని ఇంకా కోపం. మలేషియాలో మా ఊరు సుంగై పెటాని. మా వెనక వీధిదాకా ఆయన తిట్లు వినిపిస్తాయి. తెలుగు ముక్క రాని చీనా పొరుగావిడ కూడా వాటిలో నాలుగైదు నేర్చుకుంది. వాళ్ల కుక్క మీద వాడుతుంది.

ఆ కోపాలన్నిట్లోకీ పాతది పుస్కాస్ కోసం పడే కోపం. పుస్కాస్ హంగేరీ దేశపు ఫుట్‌బాల్ ఆటగాడు. పొట్టిగా, బొద్దుగా ఉండేవాడు, ఆడిందంతా ఎడంకాలితోనే. తాత నడక నేర్చుకుంటున్న రోజుల్లో పుస్కాస్ జట్టు ఇంగ్లండు మీద, అదీ వాళ్ల సొంత గడ్డ మీద, ఆరు గోల్స్ కొట్టింది. మరుసటి ఏడు ప్రపంచ కప్పు ఫైనల్లో మాత్రం ఓడింది. దెబ్బతిన్న చీలమండతోనే ఆడి, ఆట చివర్లో పుస్కాస్ స్కోరు సమం చేశాడు. గీత దగ్గరున్నాయన గోలు చెల్లదని జెండా ఎత్తాడు. ఆఫ్‌సైడ్. ఆ జెండా మా ఇంట్లో ఇప్పటికీ దిగలేదు.

"తాతా, పుస్కాస్ అంటే మన పినాంగ్ ఆటగాడికి మంచి గోలు కొట్టినందుకు వచ్చిందే, ఆ బహుమతేనా?" అని నేను అప్పుడప్పుడు అమాయకంగా అడుగుతుంటాను.

"బహుమతి కాదే గుంటా, మనిషి! మనిషిని మర్సిపోయి కప్పుని గుర్తెట్టుకున్నారు మీరు!" అంటూ చెప్పు విసురుతాడు. ఎడం చెప్పే.

తాత పుట్టింది రబ్బరు తోటలో. పుట్టుకతోనే ఎడమవాటం. ఎడం చేత్తో ముద్ద కలిపినా, ఎడం కాలు ముందుపెట్టి గుమ్మం దాటినా వీపు మోగేది. తోట ఆసుపత్రిలో మందులిచ్చే డ్రెస్సర్ ఒకాయన ఆ వీపుకి తైలం రాస్తూ, పేపర్లో వచ్చిన పుస్కాస్ ఫొటో చూపించాడట. "ఈయనకీ నీ జబ్బే. లోకమంతా చప్పట్లు కొడుతోంది చూడు" అన్నాడట. తాత ఆ కాగితం అడిగి పుచ్చుకుని, రేకు పెట్టె మూత లోపల అతికించుకున్నాడు. ఇప్పటికీ ఉంది. ముఖం చెదలు తినేశాయి. కాలు మిగిలింది.

మలేషియా జట్టు ఒలింపిక్స్‌కి వెళ్లొచ్చిన రోజుల్లో ప్రతి తోటకీ ఒక ఫుట్‌బాల్ జట్టు ఉండేదట. సాయంత్రమయ్యేసరికి రబ్బరు పాల వాసనతోనే అందరూ పడాంగ్‌లో, అంటే తోట మైదానంలో, దిగిపోయేవారు. తాత ఎడంవైపు ఆడేవాడు. శ్రీరామనవమినాడు పక్క తోటతో పెద్ద పోటీ. కొత్త బంతిని రాముడి పాదాల దగ్గర పెట్టి, కుంకుమ బొట్టు పెట్టి తెచ్చేవారు. దానికొక నియమం ఉండేది. పరుగులో ఏ కాలు తగిలినా దోషం లేదు. చేత్తో నేల మీద పెట్టి తన్నేటప్పుడు మాత్రం కుడికాలే వాడాలి. రాముడు అంత దగ్గరగా ఆట చూస్తాడని నేననుకోను గాని, వాళ్లనుకున్నారు.

ఒక ఏడు ఆట సమంగా ఉండగా, ఆఖర్న మా తోటకి పెనాల్టీ వచ్చింది. తాత బంతి పెట్టి వెనక్కి నడిచాడు. కెప్టెన్ వీరసామి వచ్చి చెవిలో అన్నాడు: "తమ్ముడూ, సామి బంతి. కుడికాలు." వీరసామి పూజారి కొడుకు, వయసులో పెద్ద. తాత ఆయన్ని నోరారా అన్నా అని పిలిచేవాడు. అన్న మాట కాదనలేక కుడికాలితో తన్నాడు. బంతి గోలు మీంచి ఎగిరి, రబ్బరు పాలు తూచే షెడ్డు రేకుల మీద దబ్బున పడింది.

ఆ సాయంత్రం నుంచి ఆయన రేకు తాతబాబు. పెళ్లిలో రేకు తాతబాబు, చావింట్లో రేకు తాతబాబు. వీరసామి చెప్పబట్టే కుడికాలు వాడానని తాత ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు. వీరసామి నోరు విప్పలేదు. ఆ రోజు నుంచి తాత ఆయన్ని అన్నా అనలేదు. అసలు మాటే లేదు, యాభై ఏళ్లు.

తోట పోయింది. ఇళ్లొచ్చాయి. గుడీ పడాంగూ మాత్రం మిగిలాయి. ఈ ఏడు నవమికి పాత తోటవాళ్లంతా కలుస్తున్నారని వీరసామే ఫోన్ చేశాడు. ఇప్పుడు గుడి కమిటీ పెద్ద ఆయనే. తాత ఫోన్ పట్టుకోనంటే నేను స్పీకర్లో పెట్టాను.

"తమ్ముడూ, ఆట మొదలెట్టే తన్ను నువ్వే తన్నాల. ఆ జట్టులో నువ్వూ నేనే మిగిలినాము."

"ఏ కాల్తో?" అన్నాడు తాత.

అవతల వీరసామి నసిగాడు. "సామి బంతి కదా, తమ్ముడూ..."

తాత నోట అప్పుడొచ్చిన మాటలు రాయను. ఈసారి పొరుగావిడ కిటికీ మూసుకుంది.

వెళ్లడనుకున్నాను. నవమి పొద్దున్నే గడ్డం గీసుకుని, ఎడం కాలికి కొబ్బరినూనె పట్టిస్తూ కనిపించాడు. నేను మోటార్‌బైక్ షాపులో చక్రాలు విప్పే పని చేస్తాను. ఆదివారాలు ఆడపిల్లల జట్టులో గోలు కాస్తాను. "నీ గోలు గ్లౌజులు తే" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. బైక్ వెనక కూర్చుని దారంతా పుస్కాస్ ఆఫ్‌సైడ్‌ని తిడుతూనే ఉన్నాడు. సిగ్నల్ దగ్గర పక్క కారాయన తననేమో అనుకుని అద్దం ఎత్తేసుకున్నాడు.

పడాంగ్ చుట్టూ ప్లాస్టిక్ కుర్చీలు, బిర్యానీ పొట్లాలు. వీరసామి తెల్ల పంచెలో, చేత మైకుతో నిలబడ్డాడు. కుంకుమ బొట్టు పెట్టిన బంతి మధ్య గీత మీద ఉంది. "రేకు తాతబాబొచ్చినాడ్రో!" అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు.

తాత బంతిని చంకలో పెట్టుకుని తిన్నగా గోలు వైపు నడిచాడు. పెనాల్టీ చుక్క మీద పెట్టి, "గుంటా, నిలబడు" అన్నాడు నాతో.

"ఇదేటి తమ్ముడూ?" అన్నాడు వీరసామి. మైకు ఆన్‌లోనే ఉంది.

"మొదటి తన్నూ వద్దు, శాలువా వద్దు. నా పెనాల్టీ నాకిచ్చేయ్. నువ్వు పట్టుకుపోయినావు."

"బొట్టున్న బంతి తమ్ముడూ. కుడి..."

"కుడి అన్నావంటే ఈ బంతి నీ నెత్తినెట్టి తంతాను!"

పడాంగ్ అంతా వినపడింది. బిర్యానీ తినేవాళ్ల చేతులాగిపోయాయి. తాత నా వైపు వేలు చూపించాడు. "నువ్వు కావాలని ఒగ్గేసినావంటే ఇంట్లో అడుగెట్టకు."

"ఆపేస్తే అన్నం పెడతావా?"

"ఆపి సూడు!"

రెండడుగులు కుంటుతూ వచ్చి ఎడంకాలితో తన్నాడు. నేను కుడికి దూకాను. బంతి ఎడమకి పోయింది. ఒట్టు, నిజంగానే మోసపోయాను. డెబ్బై దాటిన ముసలాయన బంతి అంత చురుగ్గా వస్తుందని ఎవరనుకుంటారు? అది ఇనుప స్తంభానికి ఠంగుమని తగిలి వెనక్కొచ్చేసింది.

ఒక్కరూ నవ్వలేదు.

తాత ఆ స్తంభాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఏడుస్తాడేమోనని భయమేసింది. ఏడవలేదు. వీరసామి వైపు తిరిగాడు.

"ఇది నా తప్పు. నా కాల్తో, నేను సేసినాను. అది నీ తప్పు."

వీరసామి చేతిలో మైకు గరగరలాడింది. దాన్ని నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. "అవును. ఆ రోజు కుడికాలని సెప్పింది నేనే. ఈడు ఎడంకాల్తోనే కొడదామనుకున్నాడు. నేనే సెడగొట్టినాను."

తర్వాత మైకు కుర్చీలో పడేసి, వెళ్లి బంతి తీసుకొచ్చాడు. భుజం మీది కండువాతో కుంకుమ బొట్టు తుడిచేశాడు. వంగలేక వంగి, బంతిని మళ్లీ చుక్క మీద పెట్టాడు.

"కొట్టు, తమ్ముడూ."

"అక్కర్లేదన్నా!" అని తాత కసిరాడు. "ఒకడికి ఒకటే పెనాల్టీ. రూలు తెలీకుండానే కెప్టెన్‌వైనావా?"

తిరుగుదారిలో బైక్ మీద నేనన్నాను, "తాతా, ఆయన్ని అన్నా అన్నావు."

"నేనా? నీ సెవులకి గ్రీజు పట్టింది. ముందు రోడ్డు సూసి నడుపు."

కొంచెం దూరం పోయాక నా వీపు వెనక మళ్లీ మొదలెట్టాడు. "అది ఆఫ్‌సైడ్ కాదే గుంటా. ఆ జెండా ఎత్తినోడు ఒక్కసారైనా మైకు పట్టుకుని ఒప్పుకున్నాడా, సెప్పు!"