మీసం పెట్టుకున్న మొదటి ఏడాది

నన్ను తెరమీద చూసినవాళ్లకు నేను గుబురు మీసాల మునసబుగానో, కోడళ్ల మీద కేకలేసే మామగారిగానో గుర్తుంటాను. మొదటి ఆరేళ్లూ నేను నాటకాల్లో కథానాయికనని చెబితే నవ్వుతారు. నవ్వితే నవ్వనివ్వండి. ధర్మవరం నుంచి హిందూపురం దాకా రైలు ఆగే ఊళ్లలో, ఆ రోజుల్లో స్టేజీ మీద నాకంటే బాగా ఏడ్చే ఆడది లేదు. ఇది గొప్పలు చెప్పుకోవడమే, ఒప్పుకుంటాను.

మాది ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇల్లు. పెద్ద అంచు చీర నెయ్యాలంటే ఇద్దరు కావాలి. మా నాయన గుంతమగ్గంలో కాళ్లు దించుకుని నేస్తుంటే, నేను పక్కన కూర్చుని అంచు వైపు పోగు తీసుకుపోయే నాడె విసరాలి. నా మనసు నాటకాల మీద ఉందని ఆయనకు తెలుసు. తిట్టలేదు, కొట్టలేదు. ఒకటే మాట అన్నాడు.

“నిన్ను జనం పిలిచినన్ని దినాలూ పో. పిలిచేవాళ్లు లేని దినం వచ్చి మగ్గం కాడ కూసో. మళ్లా నాటకం మాట ఎత్తకూడదు.”

నేను సరేనన్నాను. పదహారేళ్లవాడు తనను పిలవని రోజొకటి వస్తుందని ఎందుకనుకుంటాడు?

నేను నాయికగా ఉన్న ఆరేళ్లలో నాయన నా నాటకాలు చూసింది రెండుసార్లే. రెండుసార్లూ నా నటన గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. “చీరకట్టు బాగలేదబ్బా. అంచంతా మడతల్లో పోయింది” అన్నాడు. మనిషి తీరే అంత. ఎదురుగా పెళ్లికూతురు నిలబడినా ఆయన ముందు చూసేది చీరనే.

మా నాటక సమాజం హిందూపురంలో ఉండేది. దాని సెక్రటరీ హైస్కూల్లో తెలుగు పంతులు. కోపిష్టి, కానీ నాటకమంటే ప్రాణం పెట్టేవాడు. శనివారం ప్యాసింజరెక్కి పోయి, రిహార్సళ్లు చేసి, ఆదివారం సాయంత్రానికి ఇల్లు చేరేవాణ్ని. పంతొమ్మిదివందల యాభైల చివర్లో ఒక శనివారం ఆయన నన్ను కూర్చోబెట్టి, గోడ వైపు చూస్తూ సంగతి చెప్పాడు. పోటీలకు పోవాలంటే ఇకమీదట ఆడవేషాలు ఆడవాళ్లే వెయ్యాలట. మడకశిర వైపు నుంచి ఒకామెను మాట్లాడాడట. చిన్నప్పటి నుంచి కన్నడ కంపెనీ నాటకాల్లో చేసిన మనిషట.

“మరి నేను?” అన్నాను.

“మొగుడి వేషం వెయ్యి. నువ్వు మగోడివే కదప్పా, దానికేం కొత్తగా నేర్చేది ఉండాది?”

నాకూ అదే అనిపించింది. సవరం అక్కర్లేదు, రవికెలో గుడ్డలు కుక్కుకోనక్కర్లేదు. ఒక పంచె, ఒక తువ్వాల, జిగురుతో అంటించుకునే మీసం. పని తగ్గిందనే అనుకున్నాను.

నాటకం ఒక రైతు కథ. వానలు పోయి, బావి ఎండి, పెళ్లానికి చెప్పకుండా చేను అమ్మేస్తాడు. అన్నం తెచ్చిన పెళ్లాం “చేను అమ్మేసినావా?” అని అడుగుతుంది. వాడు తల వంచుకుని బదులు చెప్పాలి. కథంతా ఆ ఘట్టం మీదే నిలబడి ఉంది. హిందూపురంలో మొదటి ప్రదర్శన రోజు ఆమె అడిగింది. నేను తల వంచాను. అంతే, నా కుడిచెయ్యి నన్నడగకుండానే లేచి, ఎడమ భుజం మీద లేని పైటను సర్దింది.

“మీసమొచ్చినా సిగ్గు పోలేదు సూడరా!” అని ముందు వరసలోంచి ఎవడో అరిచాడు. ఇక చూడండి, పందిరి ఎగిరిపోయేలా నవ్వారు. ఆ తర్వాత నేను కూర్చున్నా నవ్వే, లేచినా నవ్వే. రైతు చేను పోయిందని ఊరంతా పొట్ట పట్టుకుని నవ్విన నాటకం అదొక్కటే అయివుంటుంది.

తెర దించాక సెక్రటరీ నా దగ్గరికొచ్చాడు. అరవలేదు. అరిచినా బాగుండేది. “వచ్చే నెల పెనుకొండలో రెండు ఆటలు ఉండాయి. మొదటి దినం ఆడ గూడా ఇట్లే నవ్వితే రెండో దినం ఆ వేషం నేనేసుకుంటా. నువ్వు ఇంటికి పో” అన్నాడు.

ఇంటికి పో అంటే మగ్గం దగ్గరికి పో అనే. నాయనకు మాత్రం ఏదీ చెప్పలేదు. ఆయన లెక్కలో నేనింకా నాయికనే.

ఆమెను చూస్తే నాకు ఒళ్లు మండేది. నాకంటే పదేళ్లు పెద్దది. సన్నగా, నల్లగా ఉండేది. ఆకువక్క నములుతూ రిహార్సలుకు వచ్చేది, పక్కవాళ్లతో కన్నడంలో జోకులేసేది. “నువ్వు కట్టినప్పుడే వేషం బాగుండె, ఈమెలో ఆ ఒయ్యారం యాడుండాది?” అని ఒకరిద్దరు నాతో అంటే లోపల్లోపల పొంగిపోయేవాణ్ని. నిజంగా ఆడదైనవాళ్ల కంటే నేనే మంచి ఆడదాన్నని సంబరపడ్డానంటే నా తెలివి ఎంతో మీరే చూడండి.

ఒక ఆదివారం అందరూ కాఫీకి పోతే ఆమె నన్ను పిలిచింది. “ఏమప్పా, నా మీద కోపమా?”

“నాకెందుకక్కా కోపం?” అన్నాను.

“ఉండాదిలే. ఒకటడుగుతా చెప్పు. ఆడవేషం ఎవర్ని చూసి నేర్చుకుంటివి?”

“మా అవ్వని చూసి, మా అమ్మని చూసి. చీరలు కొనేదానికి వచ్చే ఆడోళ్లని చూసి.”

“మగోణ్ని ఎవర్ని చూసినావు?”

నేను ఆలోచిస్తుండగానే ఆమె లేచి, కొంగు నడుముకు దోపి, నాలుగడుగులు నడిచింది. మా సెక్రటరీ నడిచాడు! మడమలు నేలకు కొడుతూ, పిల్లలు అల్లరి చేస్తున్నారేమోనని పక్కకు చూస్తూ. మళ్లీ తిరిగింది. ఈసారి తెర వెనక్కి మల్లెపూల పొట్లంతో వచ్చే డబ్బున్న పెద్దమనిషి. ఆ తర్వాత స్టేషన్ కూలీ. నేను పగలబడి నవ్వాను. నవ్వుతూనే సిగ్గుపడ్డాను.

“నేను బతకాలంటే మగోళ్లని చూడాల్సిందే. వాడు మంచోడా, చెడ్డోడా, దుడ్లు ఇస్తాడా, ఎగ్గొడతాడా, అంతా వాడు నడిచి వచ్చేలోపల తెలుసుకోవాల. నీకా అవసరం పడలేదు. మగోడివి కాబట్టి అంతా వచ్చులే అనుకుంటివి.” ఆమె మాటల్లో ఎగతాళి లేదు. “ఇంటికి పోయి మీ నాయనని చూసి రా పో.”

ఇరవై రెండేళ్లు ఒకే కప్పు కింద ఉన్న మనిషిని నేను మొదటిసారి చూడటం ఆ వారమే. మగ్గం గుంతలోంచి లేచేటప్పుడు ఆయన చెయ్యి నేలకు ఆనించి ఒక్క క్షణం ఆగుతాడు. మోకాళ్లు ఒప్పుకున్నాక లేస్తాడు. ఆ ఆగడం నేనెన్నడూ గమనించలేదు. గురువారం నాడు చీరల సావుకారి ఇంటికి ఆయనతో పోయాను. ఇరవై రోజుల పాటు ఇద్దరం కలిసి నేసిన చీర. సావుకారి అంచు దగ్గర వేలితో గీరి, “అతుకు కనపడతాంది. వద్దు” అని పక్కకు నెట్టేశాడు. నాకు కోపంతో చెవులు వేడెక్కాయి. నాయన మాత్రం చీర దగ్గరికి లాక్కుని, ఏ మడత ఎక్కడుందో ఆ మడత మీదే మెల్లగా మడిచాడు. ఒకచోట మడత వంకరపోతే విప్పి మళ్లీ మడిచాడు. అది పూర్తయ్యేదాకా తల ఎత్తలేదు. ఆయన ఎందుకంతసేపు మడిచాడో నాకు తెలిసిపోయింది. దారి పొడవునా ఆయన ముఖం చూడలేకపోయాను.

పెనుకొండలో ఆ సాయంత్రం ఆమె “చేను అమ్మేసినావా?” అని అడిగినప్పుడు నేను బదులు చెప్పలేదు. భుజం మీది తువ్వాల తీసి మడవడం మొదలుపెట్టాను. పక్క తెర చాటున నిలబడిన సెక్రటరీ, నేను మాట మర్చిపోయాననుకుని గుసగుసగా అందించాడు. నేను మడుస్తూనే ఉన్నాను. ఆమెకు అర్థమైంది. తట్ట కిందికి దించి, ఇంకేమీ అడగకుండా నా పక్కన కూర్చుంది. నవ్వు వస్తుందని ఒళ్లంతా చెవులు చేసుకుని విన్నాను. ఎవరూ నవ్వలేదు. ఎక్కడో ఒక పసిపిల్ల ఏడ్చింది, వాళ్లమ్మ ఊరుకోబెట్టింది. అంతే.

తెల్లారాక టిఫిన్ చేద్దామని స్టేషన్ వైపు పోతే, ప్లాట్‌ఫారం మీద పట్టునూలు మూట పక్కన పెట్టుకుని మా నాయన కూర్చున్నాడు.

“నాయనా, నువ్వేంది ఈడ?”

“బెంగళూరు పోయి నూలు తెస్తాండా. నీ ఆట ఉండాదని రైల్లో ఎవరో చెప్తే దిగినా. వెనక కూసోని చూస్తి. కూసో.”

కూర్చున్నాను. అంతా తెలిసిపోయిందన్నమాట.

“ఈసారి చీరకట్టు కుదిరిందబ్బా” అన్నాడు. “నడక, మెడ తిప్పేది, అంతా అచ్చం ఆడదే. ఇన్నేండ్లకు నీకు పట్టుబడింది. గొంతొకటే జలుబు చేసిన మాదిరి ఉండె.”

పట్టుపోగులు చూసీ చూసీ ఆయన చూపు ఎప్పుడో తగ్గింది. దూరం నుంచి ఆమెను చూసి నేననుకున్నాడు! నేను ఆరేళ్లు చచ్చీచెడీ చేసినా రాని మెప్పు ఆమెకు ఒక్క ఆటతో వచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియక రైలు పట్టాల వైపు చూశాను.

“ఒక మాట చెప్తా, కోపం చేసుకోవద్దు” అన్నాడు మళ్లీ. “నీకంటే ఆ మొగుడి వేషం కట్టినోడు బాగా చేసినాడు. ఎవరబ్బా వాడు? నోరు తెరవకుండా తువ్వాల మడుస్తాంటే నాకు కండ్లలో నీళ్లొచ్చె. వానికి కష్టం తెలుసు. వాళ్ల నాయన సేద్యగాడా?”

“కాదు నాయనా” అన్నాను. “వాళ్ల నాయన చీరలు నేస్తాడు.”

“మన ధర్మవరమోడా? ఎవరి కొడుకు?”

“నీ కొడుకే. పెళ్లాం వేషం కట్టినామె నిజంగా ఆడమనిషే నాయనా. మొగుణ్ని నేను.”

నాయన నా ముఖం దగ్గరికి వంగి, జిగురు మీసం ఊడదీసినచోట ఎర్రబడ్డ పైపెదవిని చూశాడు. తర్వాత నా చేతుల వైపు చూశాడు. తువ్వాలను అట్లా మడిచేది ఎవరో ఆయనకు అప్పుడు తట్టిందో లేదో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ధర్మవరం బండి వచ్చింది. మూట అందించి నేనూ ఎక్కబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“నువ్వెందుకు వస్తాండావు? ఈ పొద్దు రెండో ఆట ఉండాదని నిన్న స్టేజీ మీద చెప్పిరే.”

“ఉండాది. కానీ మగ్గం...”

“మీ చిన్నాయన కొడుకుని కూసోబెట్టుకుంటాలే. నీకు వేరే పని దొరికింది కదా.”

బండి కదిలింది. నాయికగా నేను ఊరూరా ఎన్నో ఏడుపులు ఏడ్చాను. అంతకు ముందు ఎన్నడూ ఏడవనట్టు ఏడ్చింది మాత్రం ఆ ఉదయం, పెనుకొండ ప్లాట్‌ఫారం మీద, సంతోషంతో.